గుడారం వైపు పక్క

మోంటానా కొండల్లో అడవి మధ్య క్యాంపు స్థలం, ఆగస్టు చివర, పొద్దెక్కుతున్న వేళ. రెండు కొసల తలుపులూ కిందికి దించితే కాన్వాసు గుడారంలా విచ్చుకునే ట్రైలర్ ఒకటి, ఒక కొస కాన్వాసు చిరిగి వేలాడుతోంది. దాని ముందు మడతకుర్చీలో ఎనభై దాటిన ఓరిన్ కూర్చున్నాడు. ఆ క్యాంపు బాగోగులు చూసే వెర్నా ఎదురుగా నిలబడి ఉంది.

"కాఫీ పోసుకో వెర్నా. నిలబడి అరిస్తే నా చెవికెక్కదు."

"నేనేం అరవట్లేదు, అడుగుతున్నా. నిన్న సాయంత్రం నేనొచ్చి చూసినప్పుడు ఈ రెండు కొసలూ మూసి ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి."

"మరి ఎలా తెరుచుకున్నాయి?"

"నువ్వెళ్ళాక తెరిచాం."

"తెరిచాం అంటే?"

"తెరిచాను."

"మీరా? కప్పు పట్టుకోడానికే చెయ్యి వణుకుతోంది మీకు. అంత బరువు తలుపు మీరు దించారా?"

"మా అబ్బాయి డారెల్ దించాడు. దించమన్నది నేను. లోపల ఊపిరాడదు నాకు. మా ఆవిడ ఉన్నప్పట్నించీ ఈ బండిలో నా పక్క గుడారం వైపే. కాన్వాసు మీద గాలి కొడుతుంటే గాని నాకు నిద్రపట్టదు."

"పెద్దాయనా, ఈ బండి సగం రేకు, సగం గుడారం. కొసలు మూస్తే రేకు బండి, దించి పక్కలేస్తే గుడారం కిందే లెక్క. గుడారాలు వద్దని గేటు దగ్గర బోర్డు పెట్టాం. ఈ ఏడు కొండ మీద పళ్ళు కాయలేదు, ఎలుగు కిందికి దిగిందని మీ అబ్బాయికి నోటితో కూడా చెప్పాను. కొసలు తెరవం, లోపలే సర్దుకుంటాం అంటేనే ఉండనిచ్చాను."

"ఈ రకం బండ్లున్నవాళ్ళు ఎవరైనా అంతే. నువ్వొచ్చేటప్పుడు మూస్తారు, వెళ్ళాక తెరుస్తారు. నీకు తెలీదా ఏం?"

"తెలుసు. తెలిసీ ఊరుకున్నందుకే ఇవాళ ఇలా నిలబడ్డాను. సరే, రాత్రి ఎలుగొచ్చి ఈ కొస చీల్చేటప్పటికి మీరెక్కడున్నారు?"

"లోపల. బల్ల పక్కన బెంచీ మీద."

"ఊపిరాడదన్నారు?"

"చలేసింది."

"గుడారం పక్కకీ మీ బెంచీకీ మధ్య గోడేముంది? ఒక తెర. ఆ తెర కూడా చీలికలైపోయింది. మీ ఒంటి మీద గీత కూడా పడలేదే?"

"అదృష్టం."

"పెద్దాయనా."

"సరే, ట్రక్కులో ఉన్నా."

"రాత్రి ట్రక్కు అల్లంత దూరాన ఉంది. ఈ మోకాళ్ళతో చీకట్లో ఎలా వెళ్ళారు?"

"పాక్కుంటూ. నువ్వు పోలీసువా, క్యాంపు చూసేదానివా?"

"క్యాంపు చూసేదాన్నే. అందుకే అడుగుతున్నా. ఇది చూడండి."

"ఏంటది?"

"మీకు తెలీదా?"

"కళ్ళజోడు లేదు."

"బేకన్. పచ్చి పందిమాంసం ముక్క. మీ పరుపు కింద దొరికింది. పొట్లం విప్పి వరసగా పరిచినట్టున్నారు. మిగతాది ఎలుగు తినేసింది, పరుపు చీల్చి మరీ."

"ఓ, అదా."

"అదే."

"నేనే పెట్టుకున్నా. ఆకలేస్తే తిందామని."

"పచ్చి బేకనా?"

"మతిమరుపమ్మా. మొన్న బూట్లు తీసి ఫ్రిజ్‌లో పెట్టాను."

"అది గుర్తుందా?"

"ఉంది."

"గుర్తుంటే ఇంక మతిమరుపేంటి? మతి పోయిన మనిషిని చూశాను నేను, మా అమ్మకి చివరిదాకా చేశాను. మీకు మోకాళ్ళు పోయాయి, చేతులు పోయాయి. మతి మాత్రం చెక్కుచెదరలేదు."

"నీకేం తెలుసు?"

"తెలిసింది చెప్తా వినండి. తిండి వస్తువులు ఆ ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. నిన్న నా కళ్ళ ముందే డారెల్ వేశాడు. ఎలుగు పంజాకి అందకూడదని ఆ గొళ్ళెం లోపలికి పెట్టారు, వేళ్ళు దూర్చి గట్టిగా నొక్కాలి. మీ వేళ్ళతో ఒక్కసారి తీసి చూపించండి, నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

"కాఫీ చల్లారిపోతోంది."

"పోనీండి. రాత్రి డారెల్ ఎక్కడ పడుకున్నాడు?"

"ట్రక్కులోనే."

"రెండో కొస ఖాళీగా ఉండగా?"

"నా గురక పడలేక."

"ఇన్నేళ్ళూ పడ్డ గురకే కదా. నిన్నే ఎందుకు పడలేకపోయాడు?"

"అమ్మా, వాడి జోలికి పోకు."

"ఎందుకు పోకూడదు?"

"నన్ను తొట్లో కూర్చోబెట్టేది వాడు. తుడిచేది వాడు. కాలిగోళ్ళు తీసేది వాడు. ఆయనో నేనో తేల్చుకో అంది వాడి పెళ్ళాం. తేల్చుకోలేక నిలబడ్డాడు, ఆ పిల్ల వెళ్ళిపోయింది. చలికాలమంతా కొట్టాంలో దూడలు, ఇంట్లో నేను. మొన్నామధ్య నాకు స్నానం చేయిస్తూ చేయిస్తూ తొట్టి అంచు మీదే నిద్రపోయాడు, చేతిలో సబ్బు అలాగే ఉంది. నీళ్ళు చల్లారిపోయినా నేను లేపలేదు. కాసేపు పడుకోనీ అనుకున్నా."

"నాకూ జాలేస్తోంది. జాలి వేరు, ఇది వేరు. అడవి జంతువుల్ని చూసే వార్డెన్లు బోను తీసుకుని బయల్దేరారు. మనిషి పక్కలో తిండి రుచి మరిగిన ఎలుగుని వాళ్ళు బతకనివ్వరు. దానికి ఎరేసింది ఎవరో వాళ్ళకి తెలియాలా వద్దా?"

"నేనే అని చెప్పానుగా."

"ఆ మాట వాళ్ళకి నేను చెప్పను. నాకు కనపడింది చెప్తాను. మీరు లేవండి, నా ట్రైలర్‌కి పోదాం. ఇంక వాడితో ఒక్క పూట కూడా ఉండటానికి వీల్లేదు."

"నేను రాను."

"మళ్ళీ చేస్తే?"

"చెయ్యడు."

"చెయ్యడన్నారంటే, చేశాడనేగా?"

"మాటలో మాట పెట్టి లాగకు. అదుగో ట్రక్కు. వెర్నా, నీకు దణ్ణం పెడతా, ఆ ముక్క దాచెయ్. వాడి ముందు వద్దు."

డారెల్ ట్రక్కు దిగాడు. చంకలో కాన్వాసు చుట్ట ఉంది.

"ఎండలో కూర్చున్నావేం నాన్నా? టోపీ ఏది? వెర్నా గారూ, కాన్వాసు దొరికింది, టేపు కూడా తెచ్చాను. అతుకేసుకుని మధ్యాహ్నానికల్లా ఖాళీ చేసేస్తాం."

"డారెల్, ఇదేంటి?"

"ఏది?"

"నా చేతిలోది."

"నేనే పెట్టుకున్నానని ఆవిడకి చెప్పేశాన్రా. ఆకలికని. అయిపోయింది ఆ మాట. నువ్వు టేపు తీసి పని చూడు."

"నాన్నా..."

"పని చూడరా అంటే."

"నువ్వు పెట్టలేదు నాన్నా."

"నోర్ముయ్."

"నేను పెట్టాను వెర్నా గారూ. వార్డెన్లకి అదే చెప్పండి. ఎలుగుని చంపొద్దనండి, దాని తప్పేం లేదనండి."

"వాడికి నిద్రలేదమ్మా, ఏదేదో వాగుతున్నాడు."

"మాట్లాడనివ్వండి అతన్ని. చెప్పు డారెల్."

"ఆయన నిద్రపోయాక పరుపు అంచెత్తి పరిచాను. వెళ్ళి ట్రక్కులో కూర్చున్నా. ఏమీ వినపడకూడదని అద్దాలెక్కించి రేడియో పెట్టాను. పొద్దున్నకి అంతా అయిపోతుంది, ఎవరూ ఏమీ అడగరు, పాపం అంటారు అనుకున్నా. చేతులకి ఆ వాసన. ప్యాంటుకి ఎంత తుడిచినా పోలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఇంక ఉండలేక రేడియో కట్టేశాను. కట్టేస్తే చెట్లల్లో కొమ్మ విరిగిన చప్పుడు."

"అప్పుడు?"

"పరిగెత్తాను. ఈయన్ని దుప్పటితో సహా ఎత్తుకుని ట్రక్కులో పడేశాను. తలుపు వేసుకున్నామో లేదో, అది కాన్వాసు మీద పడింది."

"ఇదంతా విన్నాక నేను ఊరుకోలేను డారెల్."

"ఊరుకోవద్దు. ఒక్కటే అడుగుతున్నా, ఈయన్ని ఎవరైనా మంచివాళ్ళ దగ్గర పెట్టండి. ఈయనకేం తెలీదు. నేను ఎత్తుకునేదాకా నిద్రలోనే ఉన్నాడు, కలగన్నాననుకున్నాడు. ఇప్పుడు నా నోటి నుంచే విన్నాడు."

"నాకు తెలుసురా."

"ఏం తెలుసు నాన్నా?"

"నువ్వు పరుపెత్తినప్పుడు మెలకువగానే ఉన్నా."

"ఉండి..? మరి కేకెయ్యలేదేం? నన్ను పిలవలేదేం?"

"పిలిస్తే ఎటూ వస్తావు. పిలవకుండా వస్తావో రావో చూద్దామని."