సచ్చినాయన ఏం తింటుండె?

"నానమ్మా, సినిమాలల్ల నీకు ఒక్క డైలాగు గూడ లేకుండెనట గద? అమ్మ చెప్పింది."

మీ అమ్మకేం ఎరుక? కూసో గీడ. డైలాగు లేదు, నిజమే. కని సినిమాల ఎవలు సచ్చినా ఛత్రినాకల మా ఇంటికే బండొస్తుండె, నా కోసం. ఏడ్చేటోళ్లు మస్తుమంది బిడ్డా. శోకం పెట్టేటోళ్లు ఏరి? శోకమంటే ఉత్త ఏడ్పు గాదు, పోయినోని బతుకంత చెప్పుకుంట ఏడ్సుడు. మా అవ్వ దగ్గర నేర్చిన.

మొదటిసారి గుంపుల నిలవెట్టిండ్రు. మీ తాత పోయి ఏడాది గాలె... కాదు కాదు, దాటింది, మీ నాయన బడికి పోతుండె. చాయ్ పావలా అప్పుడు. ఒక దొర సచ్చిండని మంచం మీద పండవెట్టిండ్రు. మమ్ముల తోలుకపోయిన ఏజెంటు, "నోర్లు తెరువుండ్రి, సప్పుడు చెయ్యకుండ్రి" అన్నడు. గుంపుకు కథ ఎవలు చెప్తరు? నోరు తెరిస్తె నాకు మీ తాతనే యాదికొచ్చిండు. "ఓ నా దేవుడో, రిక్షా తొక్కి తొక్కి నీ పిక్కలు వాచె, కిషన్‌బాగ్ సవారి పోయి నాకు జిలేబి తెస్తివి" అని ఎత్తుకున్న. సచ్చిన దొర కండ్లు తెరిచిండు!

"కట్! ఏయ్, దొరకు రిక్షా ఎక్కడిదే?" అని ఒర్లిండు డైరెక్టరు.

ఏజెంటు నా రెక్క వట్టిండు. "నడువు. రేపటిసంది రాకు."

ఆ పని పోతె ఇంట్ల పొయ్యి ఎలగది. కని కోపమొచ్చింది, ఆగలె. "సారూ, తెల్వనోనికి ఎట్ల ఏడ్వాలె? సచ్చినాయన ఏం తింటుండె? ఎవలను తిడుతుండె? చెప్పుండ్రి, ఏడుస్త" అన్న.

డైరెక్టరు కథ రాసినాయన దిక్కు సూసిండు. ఆయన కాయితాలు తిరగేసిండు. ఎవలకూ తెల్వది! గంత పెద్ద సినిమా, ఒక్కనికీ తెల్వది.

ఆఖరికి డైరెక్టరే నాకు కుర్చీ ఏయించిండు. గుంపుల మనిషికి కుర్చీ! ఇద్దరు ముంగట కూసొని ఆలోచించి చెప్పిండ్రు. మామిడికాయ తొక్కంటే పానమట. తమ్మునితోని మాటల్లెవ్వట. సాలు. "తమ్ముడొచ్చిండు లేవయ్యో, గిప్పుడన్న పలుకయ్యో" అని అందుకున్న. లైట్లు వట్టే భాయ్ ఒకాయన, హుస్సేనీ ఆలంల ఉండేటాయన, రుమాలు తీసిండు. "బస్ అమ్మా, ఇగ సాలు" అన్నడు.

పేరు పడలె తెర మీద. ఏం ఫికర్? గప్పటిసంది నేను సెట్ల అడుగువెడితె చాలు, "అగో ఆమె వస్తుంది, సచ్చినోని సంగతంత రాసిపెట్టుకోండ్రి" అని రైటర్లకు గాబరా.

నువ్వు గూడ ఎల్లుండి నౌకరిల చేరుతున్నవు గద. తెల్వనిది అడుగు బిడ్డా. కూసోవెట్టి చెప్పించుకో. నూరేండ్లు సల్లగ బతుకు... ఏంది, కండ్లు తుడుసుకుంటున్నవు? పిచ్చిపొల్లా, నేనింక శోకం ఎత్తుకోనే లేదు.