తాళం దృశ్యాన్ని కోయని ఏసుదాసు గారు

1971 జూలై అయిదవ తేదీ సోమవారం ఉదయం, మద్రాసు స్టూడియోలలో పద్దెనిమిదేళ్లు కూర్పు విద్యను అభ్యసించి స్వగ్రామమైన ముక్తేశ్వరానికి సకుటుంబంగా తిరిగివచ్చిన శ్రీ ఏసుదాసు గారు, అమలాపురంలోని మన గ్రామ చిత్ర సంస్థలో ఎడిటరుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికే మూడేళ్లుగా ఇక్కడ కెమెరామెనుగా ఉన్న ఈ వ్యాసకర్త, అనగా దుర్గారావు, నిమ్మకాయ సోడా ఇచ్చి వారికి స్వాగతం పలికాడు. పలికింది నోరే గాని మనసు కాదు. సంస్థకున్న ఒకే ఒక్క కొత్త ఫ్యాను ఆ పూటే ఎడిటింగు గదికి తరలిపోయింది.

తదాది వరి తెగుళ్ల గురించి, కొబ్బరిపీచు పని గురించి, పశువుల టీకాల గురించి మన సంస్థ నిర్మించిన డాక్యుమెంటరీలన్నీ ఆయన చేతిమీదుగానే రూపుదిద్దుకున్నాయి. పలివెల రైతుసభలో ఒక పెద్దమనిషి ఉపన్యాసానికి చప్పట్లు పలచగా పడ్డాయని, కొత్తపేట సభలోని చప్పట్లు తెచ్చి అతికించమని మన సంస్థ అధ్యక్షులు ముత్యాలరాజు గారు కోరినప్పుడు, "ఆ చప్పట్లు వేరే ఆయనవండి" అని ఏసుదాసు గారు సవినయంగా నిరాకరించారు. ఊళ్లలో బొమ్మ వేసినప్పుడు 'ఛాయాగ్రహణం: దుర్గారావు' అని పడితే జనం చుట్టలు వెలిగించుకునేవారు. 'కూర్పు: ఏసుదాసు' అని పడగానే సర్దుకుని కూర్చునేవారు. అది చూసిన ప్రతిసారీ దుర్గారావుకు కడుపు మండేది.

1979లో ఓడలరేవులో కొత్తగా కట్టిన తుఫాను రక్షణ భవనంపై చిత్రం తలపెట్టాము. తలుపుకు తాళం వేసి ఉంది, తాళంచెవి మూడు మైళ్ల అవతల ఒక ఉద్యోగి ఇంట్లో ఉంది. అది వచ్చేవరకు రెండు గంటలు ఎండలో నిలబడిన దుర్గారావు, ఊరికే ఫోకస్ సరిచూసుకుంటూ ఆ తాళాన్ని కాసేపు ఫిల్ముమీద తీశాడు. తరువాత ఆడవాళ్లను, పిల్లలను రెండు రోజులు అటూ ఇటూ పరుగెత్తించి, గాలివానకు భయపడి భవనంలోకి చేరుతున్నట్లు మహా రమ్యంగా చిత్రించాడు. దానికి బహుమతి ఖాయమని ఇంట్లో చెప్పుకున్నాడు కూడా.

ఎడిటింగు గదిలో ఏసుదాసు గారు ఆ పరుగును రెండుసార్లు వేసి చూశారు.

"దుర్గారావు గారూ, వీళ్లు గాలివానకి పరిగెత్తేరా, మీరు పరిగెత్తమంటే పరిగెత్తేరా అండీ?"

"నేనే పరిగెత్తమన్నానండి. అయితే ఏం?"

"ఆయ్, ఏం లేదండి. ఆ మాటే చెప్పేద్దాం."

చిత్రం తాళంతో మొదలైంది. పరుగు వచ్చినప్పుడు, 'ఇది కెమెరా కోసం చేయించిన దృశ్యం' అని వ్యాఖ్యానం వినిపించింది. బహుమతి మరెవరికో వెళ్లింది. అయితే ఓడలరేవులో బొమ్మ వేసిన రోజున, ముందు వరసలో అధికారులు కూర్చుని ఉండగానే సత్తెమ్మ అనే చేపలమ్మే ఆవిడ లేచి నిలబడింది.

"తాళం బాగానే చూపించేరు బాబూ. మరి చెవి మా ఊళ్లో లేకపోతే, గాలొచ్చినప్పుడు ఆ తలుపు మా తలకాయల్తో బద్దలుకొట్టాలా అండీ?"

వారం తిరగకుండా తాళంచెవి సత్తెమ్మ గారి ఇంటికి చేరింది. మరుసటి ఏడు వచ్చిన గాలివానకు రెండు వందల మంది ఆ భవనంలో తలదాచుకున్నారు. వాన వెలిశాక ఆవిడ గంపెడు చేపలతో మన ఆఫీసుకు వచ్చి, గుమ్మంలో ఉన్న దుర్గారావును దాటుకుని వెళ్లి, "ఏసుదాసు గారెవరండీ?" అని అడిగింది. ఆయన లేచి, "తాళాన్ని ఫిల్ముమీద తీసింది ఆయనండి. నేను అతికించేనంతే" అని దుర్గారావును చూపించారు. తనకు రావలసిన పేరును ఆయన దానం చేసినట్లు ఇవ్వడం దుర్గారావు భరించలేకపోయాడు. ఆ చేపలు ఇంటికి తీసుకెళ్లలేదు.

మర్నాడు సంస్థ పాలకవర్గానికి ఒక ఆకాశరామన్న ఉత్తరం తయారైంది. ఏసుదాసు కావాలనే ప్రభుత్వాన్ని అల్లరిపెడుతున్నాడని, అధికారుల పరువు తీయడానికే తాళం చూపించాడని ఎడమచేతి రాతతో రాసి, అమలాపురం ముద్ర పడకుండా కొత్తపేట వెళ్లి పోస్టు చేయడం జరిగింది. తత్ఫలితంగా ఏసుదాసు గారికి రావలసిన ప్రధాన ఎడిటరు పదవి నాలుగేళ్లు ఆగిపోయింది. విచారణలో దుర్గారావును అడిగితే, "నాకేమీ తెలియదండి" అన్నాడు. 1984లో ఆ పదవి దక్కినప్పుడు ఏసుదాసు గారు అందరికీ కాజాలు పంచారు. దుర్గారావుకు రెండు ఇచ్చారు.

ఈ అభినందన సంచిక కోసం మొదట రాసిచ్చిన వ్యాసంలో, 'పదహారేళ్ల సాహచర్యంలో మా నడుమ పొరపొచ్చమన్నది ఎరుగము' అనే వాక్యం ఉంది. అచ్చుకు వెళ్లేముందు చదువుకుంటే దుర్గారావుకే సిగ్గేసింది. మాటలన్నీ అందంగానే ఉన్నాయి, ఉత్తరం ఒక్కటే లేదు. అందుకని దానిని వెనక్కి తెచ్చుకుని ఇది రాశాడు.

ఏసుదాసు గారూ, ఆ ఉత్తరం రాసింది నేనేనండీ.

సభలో ఇది చదివేటప్పుడు మీ శ్రీమతి సువర్ణ గారు, మీ పిల్లలు ముందు వరసలో ఉంటారని తెలుసు. క్షమించమని అడగడానికి నాకింకా నోరు రావడం లేదు. ఇంత విన్నాక కూడా మీరు నా దగ్గరకు వచ్చి "మంచి పని చేసేరండి" అంటారేమోనని భయంగా ఉంది. అంటే మళ్లీ మీ మీద కుళ్లుకుంటాను. ఈ 1987 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న మీరు, మీ ధర్మపత్నితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని, నేను కాజేసిన ఆ నాలుగేళ్లు కూడా దేవుడు వాటిపైన కలిపి ఇవ్వాలని కోరుకుంటున్నాను.