నాంచారమ్మ దీపం, మేనత్త చీకటి

కళ్ళాల దిబ్బ దాటాక ఎడంచేతి వైపు ఒక చింతచెట్టుంది చూశారూ, దాని కింద పూడిపోయిన మోటబావి, బావి పక్కన ఒంటి తలుపు పెంకుల కొట్టు, అదే, దాని సంగతే చెప్పబోతున్నాను. వెనకాల కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి, నా గొంతు అంతదూరం రాదు. ఆ చెట్టు కాయ ఎవరూ కొయ్యరు. రాలిన చింతపండుని పశువులు తొక్కుకుంటూ పోవలసిందే గానీ ఒక్కరూ ఏరుకోరు. ఎందుకంటారా? నాంచారమ్మ ఉంది గనక.

నాంచారమ్మ ఒకరి జోలికి పోయే దెయ్యం కాదు, ఆవిడ మీద అబద్ధం ఎందుకు చెప్పాలి. బతికుండగా మహా నిష్ఠగల ఇల్లాలట. ఒకనాడు సందెవేళ, దీపం పెట్టేముందు కాళ్ళు కడుక్కుందామని నీళ్ళు తోడబోయి, పాచి మీద కాలు జారి బావిలో పడిపోయింది. ప్రాణం పోయింది గానీ పెట్టని దీపం మనసులో ఉండిపోయింది. ఇక అప్పట్నించీ దీపాలవేళకి ఆ కొట్టులో వెలుగు కనిపించడం, అటు పోయేవాళ్ళని వెనకనించి పిలిచి 'ఇంట్లో దీపం పెట్టారా?' అని అడగడం. పెట్టామంటే పోనిచ్చేది. పెట్టలేదన్నవాడికి చలిజ్వరం. దెయ్యమైనా పద్ధతిగల మనిషి.

మరి అలాంటి చోటికి మా మేనత్త మాణిక్యాంబ పనిగట్టుకుని ఎందుకెళ్ళిందీ అంటే, ఫోటో కడగడానికి. నవ్వకండి, చెబుతున్నాను కదా.

మా తాతయ్యకి, అంటే మేనత్త తండ్రికి, జన్మకంతా ఒక్కటే ఫోటో. ఆయన పోయాక మా నాయనమ్మ కూతురి ఇంట్లోనే ఉండేది, పొద్దున్నే లేచి గోడమీద ఆ పటం వంక చూసిగానీ కాఫీ ముట్టేది కాదు. ఒక వర్షాకాలం గోడ చెమ్మెక్కి చెదలు పట్టింది, దించి చూస్తే ఏముందీ, కుర్చీ ఉంది, కాళ్ళున్నాయి, మొహం లేదు. దానికితోడు నాయనమ్మ చూపు కూడా రానురాను మందగిస్తోంది. 'ఈ కాస్త చూపూ పోయేలోగా ఆయన మొహం ఒక్కసారి చూపించవే తల్లీ' అని కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది. ఏ కూతురు కాదంటుంది చెప్పండి?

టౌన్లో ఆ ఫోటో తీసిన దావీదుగారి దగ్గరికి పరిగెత్తింది మేనత్త. ఆయనకప్పటికే చేతులు వణుకుతున్నాయి, స్టూడియో మూసేశాడు. పాపం పెట్టెలన్నీ వెతికి తాతయ్య నెగెటివు తీసిచ్చాడు. తీరా ఆ ఫిల్ముని వెలుగులో పెట్టి చూస్తే తాతయ్య జుట్టు తెల్లగా, పంచె నల్లగా, మొహం మసిగుడ్డలా ఉంది, 'అయ్యో, మా నాన్నని ఇలా చేశారేమిటండీ' అని ఏడ్చినంత పని చేసింది. ఆయన నవ్వి, 'ఇక్కడ తిరగబడ్డాడమ్మా, కాగితం మీదకి ఎక్కిస్తే మళ్ళీ మీ నాన్నే అవుతాడు, కానీ నా చేతులు ఆ పనికి పనికిరావిక, నువ్వు నేర్చుకుంటానంటే నేర్పుతాను' అన్నాడట.

నలభై దాటిన మనిషి, అప్పటిదాకా గరిటె తప్ప ఇంకోటి పట్టని చెయ్యి. ముందు వెలుగంటే ఏమిటో తెలియాలని ఆయన తన పాత కెమెరా ఇచ్చి, నాలుగు ఫోటోలు తీసుకురమ్మన్నాడు. తీసింది. తీసి, అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసినట్టు, బొమ్మలు పడ్డాయో లేదో చూద్దామని మిట్టమధ్యాహ్నం ఎండలో కెమెరా వెనక తలుపు తెరిచింది. ఇంకేముంది, రీలంతా హరీ. మరోసారి మావయ్యని నిలబెట్టి తీస్తే తల తప్ప మిగతా మనిషంతా వచ్చాడు. మావయ్య అది అటూ ఇటూ తిప్పి చూసి, 'పోనీలే, చెప్పులు మాత్రం అచ్చం నావే' అన్నాడట.

తియ్యడం అలా కుంటుకుంటూ వచ్చింది, కడగడమే రాలేదు. ఎందుకంటే దానికి చీకటి కావాలి, వేసిన తలుపు వేసినట్టే ఉండాలి. మన ఇళ్ళల్లో అది సాగే పనేనా? గొళ్ళెం లేని పెరటి గదిలో తలుపేసుకుని కూర్చుంటే మావయ్య ఆవకాయ జాడీ కోసం తీసేవాడు. ఆయనచేత ఒట్టేయించుకుని కట్టడి చేస్తే నాయనమ్మ తీసేది, 'ఏమే, ఇంతసేపు తలుపేసుకున్నావు, ఒంట్లో బాగానే ఉందా?' అని. ఎవరికోసం ఇంత తంటా పడుతోందో ఆవిడే! తలుపు తీసినప్పుడల్లా ఒక కాగితం నల్లబడి కూర్చునేది. దావీదుగారిచ్చిన కాగితాల పొట్లం చూస్తూండగానే పలచబడిపోయింది, అలాంటి కాగితం ఇక ఎక్కడా దొరకదని ఆయన ముందే చెప్పాడు.

అప్పుడు మేనత్తకి తోచింది, ఈ ఊళ్ళో ఎవరూ తియ్యని తలుపు ఒక్కటే ఉంది కదా అని.

భజనకని చెప్పి, దేవుడు ఆవిణ్ణి క్షమించాలి, ఫోటో కడిగే మందు సీసాలూ బేసిన్లూ మూటకట్టుకుని చింతచెట్టు కొట్టుకి వెళ్ళింది. పగలు వెళ్ళొచ్చుగా అంటారేమో, పగలైతే పెంకుల సందుల్లోంచి ఎండ పడుతుంది, అందుకని సందె చీకటి పడే వేళకే వెళ్ళాలి. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ తలుపు బిగించి, చీకట్లో తడుముకుంటూ కాగితం బయటికి తీసిందో లేదో, మూలనించి ఆముదం వాసన, మట్టెల చప్పుడు, ఫస్సుమని వత్తి వెలిగింది.

కాగితం నాశనం. ఎదురుగా ప్రమిద పట్టుకుని నాంచారమ్మ, తడిచీర కొంగులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. 'ఎవరమ్మా నువ్వు? దీపాలవేళ చీకట్లో కూర్చుంటారా ఎవరైనా, ఇంటికి లక్ష్మి వస్తుందా?' అంది.

మేనత్తకి భయం వెయ్యాలి, వేసేదే, కానీ కాగితం పోయిన కడుపుమంట ముందొచ్చేసింది. 'నీకు దణ్ణం పెడతాను, ముందా దీపం ఆర్పు తల్లీ' అనేసింది. చూడండి మరి, దీపాన్ని ఆర్పమంటారా? కొండెక్కించమనాలి, ఘనం చెయ్యమనాలి. నాంచారమ్మ చెవులు మూసుకుంది. 'ఎంత మాట! ఏ ఇంటి పిల్లవే నువ్వు? మీ అమ్మ నీకు మాట నేర్పలేదా?' అని మొదలుపెట్టి, మడీ ఆచారం, ఈ కాలపు ఆడవాళ్ళూ, అన్నీ వరసగా దులిపేసింది. మేనత్త బిక్కమొహం వేసుకుని మూట కట్టుకుని ఇంటికొచ్చేసింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి పొట్లంలో ఒక్క కాగితం మిగిలింది. దావీదుగారి దగ్గరికెళ్ళి, సంగతి చెప్పలేక, 'నేను కడిగే చోట ఒక పెద్దావిడ ఉందండీ, దీపం వెలిగించకుండా ఉండలేదు' అంది. 'దానికేం, ఎర్ర వెలుగైతే ఈ కాగితానికేమీ కాదు, కరెంటు లేని రోజుల్లో నేనూ ఇలాగే చేసేవాణ్ణి' అని అటకమీంచి ఎర్రద్దాల లాంతరు ఒకటి దించి ఇచ్చాడు. ఈ ముక్క ముందే చెబితే ఏం పోయింది? అడక్కపోతే మగవాళ్ళు చెప్పరు.

ఆ సాయంత్రం మేనత్త పొట్లం విప్పకుండా ముందు లాంతరు నాంచారమ్మ చేతికిచ్చింది. 'అమ్మా, దీపం పెట్టే పుణ్యం నీదే, కాకపోతే ఇందులో పెట్టు' అంది. నాంచారమ్మ వెలిగించి, మొహం ముడుచుకుని, 'ఇదేం దీపమే, కళ్ళకలక వచ్చినట్టు?' అని అడిగింది. 'అమ్మవారి కుంకుమ రంగు కదా తల్లీ' అంది మేనత్త. అమ్మవారి పేరు చెప్పాక ఆవిడ కాదనలేకపోయింది. కాదనదు, భక్తురాలు కదా. పైగా లాంతరు ఎత్తి పట్టుకుని, పక్కనే నిలబడి, ఏం వంట చేస్తోందో అని తొంగి చూసింది.

మేనత్త ఆ చివరి కాగితం మీద తాతయ్య ఫిల్ము పరిచి, పైన గాజుపలక బోర్లించి, టార్చిలైటు ఒక్కసారి వేసి తీసేసింది. కాగితం మొదటి బేసిన్లో జారవిడిచింది. తెల్లటి కాగితం, కదులుతున్న నీళ్ళు. 'ఏమీ లేదుగా ఇందులో' అని నాంచారమ్మ ఇంకాస్త వంగింది. వంగేసరికి నీళ్ళ అడుగున రెండు కనుబొమ్మలు తేలాయి. తరవాత మీసం. ఆ తరవాత, మెల్లగా, తిన్నగా ఆవిడ మొహంలోకే చూస్తూ రెండు కళ్ళు.

'అమ్మో! నీళ్ళల్లోంచి ఎవడో లేస్తున్నాడే! దెయ్యమే, దెయ్యం!'

అరిచింది ఎవరనుకున్నారు? నాంచారమ్మే. ఊరందరినీ హడలగొట్టిన మనిషి కాస్తా లాంతరు జారవిడిచి తలుపు మీదకి పరిగెత్తింది. 'తలుపు తియ్యకే తల్లీ, నీకు పుణ్యముంటుంది!' అని మేనత్త కేక. తీస్తే ఆ చివరి కాగితం కూడా పోయినట్టే. కానీ ఆవిడ సద్బుద్ధి చూడండి, అంత భయంలోనూ తను దెయ్యమన్న సంగతి గుర్తొచ్చిందేమో, తలుపు తియ్యకుండానే అందులోంచి వెళ్ళిపోయింది.

లాంతరు కొండెక్కింది. కటిక చీకటి. మేనత్త వేళ్ళతో తడిమి, కాగితం అంచు పట్టుకుని, మంచినీళ్ళల్లో ముంచి, బొమ్మని నిలిపే మందులో వేసి, అది బాగా పట్టేదాకా అక్కడే గొంతుక్కూర్చుంది. కుడీ ఎడమా తెలియని చీకట్లో నాన్నతో ఒక్కతే. ఏం మాట్లాడుకుందో మాకెప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి, తడి కాగితం పళ్ళెంలో పెట్టి, నాయనమ్మ ముందు దీపం దగ్గరగా జరిపింది. నాయనమ్మ ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసింది. బొమ్మ సరిగ్గా రాలేదో, చూపే ఆనడం లేదో అని మేనత్త దీపం వత్తి ఇంకాస్త ఎగదోసింది. అప్పుడు నాయనమ్మ వేలితో ఫోటో మీద తాతయ్య మెడ దగ్గర మెల్లగా రాస్తూ, 'ఫోటోకి కూర్చునేముందు పై గుండీ పెట్టుకోండీ అని ఎన్నిసార్లు చెప్పానే ఈయనకి' అంది. అని, మర్నాడు పొద్దున్న కాఫీ ఇంకో గ్లాసు అడిగి తాగింది.

ఇదీ సంగతి. మీరు మాత్రం ఆ చింతచెట్టు వైపు వెళ్ళకండి. నాంచారమ్మకి అప్పట్నించీ ఆ బావి దగ్గర ఒక్కత్తీ ఉండాలంటే భయం. ఎవరైనా కనిపిస్తే చాలు, తెల్లారేదాకా తోడు కూర్చోమంటుంది.