బండి వద్దు

ప్లాస్టిక్ చెత్తను కాల్చే కొలిమి దగ్గరికి, భర్త పోయి నెల తిరిగిన పెద్దావిడ ఒకామె సంచి పట్టుకుని వచ్చింది. కొలిమి చూసుకునే మనిషి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

“ఏం తెచ్చారమ్మా?”

“మా ఆయన ఆక్సిజన్ గొట్టాలు, మాస్కులు. పెరట్లో తగలబెట్టడానికి మనసొప్పలేదు బాబూ. పొగంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది.”

“ఇక్కడ పొగను ఊరిమీదికి వదలమమ్మా. వడగట్టి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నపు నీళ్ళలోకి పంపిస్తాం. అది తెల్లటి సుద్దయి అడుగున పేరుకుంటుంది.”

“అంతా పట్టేస్తారా?”

“అంతా కాదు. చాలావరకు.”

“చాల్లే. ఆయనా నా మాట చాలావరకే వినేవాడు.”

అతను నవ్వాడు. తన మాటకు ఒకరు నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది ఆవిడ. సంచి ఇచ్చేసినా అక్కణ్ణించి కదల్లేదు.

“ఇంకా ఏమైనా ఉన్నాయా అమ్మా?”

“గదినిండా ఉన్నాయి.”

“ఇంత దూరం సంచులు మోయడమెందుకు? మా బండి పంపిస్తాను, మావాళ్ళు అన్నీ ఒకేసారి తెచ్చేస్తారు.”

“వద్దు బాబూ. బండొస్తే ఒక్కపూటలో అయిపోతుంది. ఆ తర్వాత నేనెక్కడికి రావాలి?”

అతను మరి బండి మాట ఎత్తలేదు.

“రేపు కాస్త పెందలాడే రండమ్మా, ఎండ ముదరకముందే.”