దర్జీ దీపం

తరగతి గదిలో, పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్న తల్లి. పక్కన అయిదో తరగతి చదివే కూతురు. ఎదురుగా కుర్చీలో టీచరు.

“...మీ పాప చదువుతుందండీ, కాదనను. చదివింది అర్థమే చేసుకోదు. అందుకే వచ్చే వారం నుంచి వెనక గుంపులో కూర్చోబెడుతున్నాను.”

“వెనక గుంపంటే?”

“చదివింది బుర్రకెక్కని పిల్లలండీ. ఇప్పటికి నలుగురున్నారు.”

“టీచర్ గారూ, పొట్లం కట్టిన కాగితం దొరికినా చదివిగాని పారెయ్యదు ఇది. దీనికి బుర్రకెక్కకపోవడమేమిటండీ?”

“మీరే వినండి. ‘దర్జీ ఇంట్లో తెల్లవార్లూ దీపం ఎందుకు వెలిగింది?’ జవాబు, ‘దర్జీ శ్రమజీవి కాబట్టి.’ తెలివైన పిల్లలంతా అదే రాశారు. మీ పాప రాసింది చదవమంటారా?”

“చదవండి.”

“‘ఆర్పకుండా నిద్రపోయాడు కాబట్టి.’”

“ఏమే, అలా రాశావా?”

“ఊఁ.”

“ఎందుకే?”

“నిద్రపోయాడమ్మా.”

“చూశారా, అంతా సొంత కవిత్వం! కొత్త పదాల దగ్గరా ఇంతే. ‘శ్రమజీవి’ని సొంతవాక్యంలో వాడమన్నాను. ‘దర్జీ శ్రమజీవి’ అని రాయాలి.”

“అందరూనా?”

“అందరూనండీ. బోర్డు మీద రాసి మరీ ఇచ్చాను.”

“మరి సొంతవాక్యం అన్నారు...”

“ఎవరి పుస్తకంలో వాళ్ళు సొంతంగా ఎక్కించుకోవాలి కదండీ!”

“ఓహో. ఇదేం రాసింది?”

“‘మా నాన్న ఆదివారం శ్రమజీవి కాదు.’”

“...అందులో తప్పేం లేదండీ. కావాలంటే సాక్ష్యం నేను చెబుతాను.”

“ఇలా వెనకేసుకొస్తే ఎలాగండీ?”

“సరే, నాన్న సంగతి వదిలెయ్యండి. ఆ దర్జీ పాఠం ఒక్కసారి చదువుతారా?”

“ఎందుకూ? జవాబులన్నీ గైడులో ఉన్నాయిగా.”

“జవాబులు సరే. పాఠం.”

“అయిదేళ్ళుగా చెబుతున్నానండీ ఈ పాఠం!”

“అయితే కంఠతా వచ్చుండాలి. కానివ్వండి.”

“దర్జీ... ఒక ఊళ్ళో... ఏదీ, నీ పుస్తకం ఇలా ఇవ్వమ్మా. ‘ఒక ఊళ్ళో ఒక దర్జీ ఉండేవాడు. నేను శ్రమజీవిని అని అందరికీ చెప్పుకునేవాడు.’ అదిగో, శ్రమజీవి! నే చెప్పలా?”

“ఆగకండి.”

“‘తెల్లారేసరికి కోటు ఇస్తానని పెళ్ళికొడుక్కి మాటిచ్చి, దీపం వెలిగించి, ఒక చెయ్యి కుట్టి, కోటు మీదే తల వాల్చి గుర్రుపెట్టాడు.’ ...అయ్యో!”

“అయిపోయిందా?”

“ఉండండి మరి! ‘పొద్దున పెళ్ళికొడుకు ఒంటిచేతి కోటుతోనే బయల్దేరాడు. రెండో చెయ్యి పట్టుకుని వెనకాల దర్జీ పరుగెత్తాడు.’ అబ్బ! ఇంత నవ్వొచ్చే కథా ఇది!”

“అయిదో ఏటికైనా నవ్వారు. సంతోషం.”

“ఆ గైడువాడు మొదటి రెండు వాక్యాలే చదివినట్టున్నాడండీ...”

“మీకంటే రెండు ఎక్కువే.”

“సరే సరే, మార్కులు వేసేస్తాను. వెనక గుంపులోకీ పంపను. ఇక హెడ్మాస్టరు గారి దాకా వెళ్ళకండి, మీకు పుణ్యముంటుంది.”

“విన్నావుటే? నీ బెంచీ నీదే.”

“వద్దమ్మా. నేను వెనకే కూర్చుంటా.”

“ఇంతసేపూ నీకోసం నోరు పారేసుకుంటే! ఎందుకే?”

“ఆ నలుగురూ కూడా దర్జీ నిద్రపోయాడనే రాశారమ్మా.”