మసి తువ్వాల

పుంగనూరు సంతలో గోవిందప్ప ఎద్దు బేరాన్ని తాను చెడగొట్టినందుకు, ఆయన తరఫున మదనపల్లె వకీలు పంపిన నోటీసు పట్టుకుని, ముద్దుకృష్ణ భయంభయంగా రిటైరైన బడి అయ్యవారి అరుగెక్కాడు.

“క్షమాపణ చెప్పకపోతే కోర్టుకంట. ఈ ఇంగ్లీషు మాట ఏంది సామీ?”

“డెనిగ్రేట్. ఒకరి గురించి చెడ్డగా చెప్పి పరువు తీయడం. పాత లాటిన్‌లో నల్లగా చేయడమని అర్థం. నువ్వు ఆయప్పకు మసి పూసినావంటాండారు.”

“నేనా! ముసలెద్దు కొమ్ములకు మసీ ఆముదమూ పూసి పడుచెద్దని అమ్మబోయింది ఆయప్ప! నేను కొనేవాళ్ళ ముందర తువ్వాలతో తుడిచినా, అంతే.”

“ఆ మసి తువ్వాలే నీకు సాక్ష్యం! యాడుండాది?”

“ఇంట్లోనే. మసి పోలేదని మా ఇంటామె పొద్దున్నించీ తిడతాండాది. ఈపాటికి బట్టల సోడాలో నానేసుంటాది.”

“అయితే ఈడేం కూసున్నావప్పా? పరిగెత్తు!”