ఎర్ర ట్యాగు మూకుడు

పరాయి దేశంలో కంపెనీ ఇచ్చిన గది, పొద్దున తొమ్మిది గంటలు. బాయిలర్ బిగించడానికి వచ్చిన బావా బావమరుదులు లోపల, గార్డు గుమ్మం బయట. బావమరిది చేతికి బావ కట్టు కడుతున్నాడు, తెగింది తన చెయ్యే అయినట్టు మొహం పెట్టుకుని.

"కదలకు. కదిలితే మళ్ళీ నెత్తురొస్తుంది."

"రానీ బావా."

"రానీ ఏంట్రా? కణుపులన్నీ చీరుకుపోయాయి. ఇదేంటి, ఇంత లోతుగా ఉంది?"

"పన్ను. వంటాయనది. ఊడి ఇందులోనే ఇరుక్కుంది, నేనే పీకేశాను."

"అబ్బ, చెప్పకు, పొద్దున్నే. ఇదిగో, అయిపోయింది."

"ఇదేం ముడి బావా, లాగు బొందులా?"

"నా చేతికొచ్చిన ముడి ఇదొక్కటే. తాడైనా తీగైనా ఇంతే. మీ అక్క మెళ్ళో మూడు ముళ్ళూ ఇలాగే వేశాను. పదహారేళ్ళయింది, ఊడిందా?"

"ఊడలేదు."

"మరి? సరే, విను. పదింటికి పోలీసులొస్తారు, మన మాటలు వాళ్ళకి చెప్పే ఆవిడ కూడా వస్తుంది. ఏం చెప్పాలో గుర్తుందా?"

"మళ్ళీ చెప్పు."

"వంటాయనే ముందు గరిటె ఎత్తాడు. నువ్వు అడ్డం పెట్టుకున్నావు. అంతే."

"ఆయన గరిటె తీసింది నాకు వండిపెట్టడానికి."

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్ళకెందుకు?"

"జుట్టు పట్టుకుని మొహాన్ని పొయ్యి గట్టుకేసి మోదాను. ఎన్నిసార్లు?"

"నేను లెక్కపెట్టానా?"

"టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నావుగా."

"మూడు. నాలుగేమో. వదిలెయ్యరా."

"కింద పడ్డాక కుడిచెయ్యి తొక్కాను, బూటుతో. వేళ్ళు విరిగిన చప్పుడు విన్నావా?"

"విన్నాను."

"అడ్డం రాలేదేం?"

"ఆ కోపంలో నిన్నెవడు ఆపగలడు? ఒక్క మెతుకైనా ముట్టలేదు నువ్వు. మూకుడు చేతిలోకి తీసుకున్నావు, కాసేపు దాని వంకే చూశావు, ఉన్నట్టుండి ఆయన మీద పడ్డావు."

"నువ్వొక్క మాటంటే ఆగేవాణ్ణి."

"ఏ మాట?"

"ఏదో ఒకటి."

"తప్పంతా నీదే అన్నట్టు మాట్లాడతావేంట్రా? ఆయన చేసింది తక్కువ పనా? వాళ్ళ భాషలోనే కార్డు రాయించి చూపించావు. గోధుమ, బార్లీ, గ్లూటెన్ ఉన్నదేదీ పడదు, తింటే ఆస్పత్రే అని. తలూపాడా లేదా?"

"ఊపాడు. కార్డు అడిగి తీసుకుని పొయ్యి పక్కన గోడకి అంటించుకున్నాడు."

"అంటించుకుని ఏం లాభం? నాలుగు రోజులు నీ పేగులు కోసేశాడు. బాత్రూం నేల మీద ముడుచుకుని పడున్నావు. కూర చిక్కబడాలని గోధుమపిండి కలుపుతున్నాడేమోనని నేను మొదటి రోజే చెప్పలా?"

"చెప్పావు. రోజూ చెప్పావు."

"మరి?"

"కలపలేదు బావా. పక్కన నిలబడి వండించుకున్నాను. నా బియ్యం, నా పప్పు, నా మూకుడు."

"ఇప్పుడు మూకుడు సంగతెందుకు?"

"దానికి ఎర్ర ట్యాగు కట్టాను కదా, వాల్వుకి కట్టినట్టు."

"కట్టావు."

"కట్టినవాడే విప్పాలి. ఇంకొకడు విప్పి వాల్వు తిప్పితే బాయిలర్ లోపల పని చేసేవాడు ఆవిరికి ఉడికిపోతాడు. నాకు పని నేర్పిన రోజు ఈ మాట చెప్పిందెవరు?"

"నేనే. అయితే?"

"వంటాయన దాన్ని ముట్టేవాడు కాదు. నేనొచ్చి విప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. వాల్వంటే ఏంటో తెలియని మనిషి."

"దెప్పుతున్నావా?"

"ఎవర్ని బావా?"

"ఎవర్నీ కాదులే. నీళ్ళు తాగుతావా?"

"వద్దు. ఆస్పత్రి నుంచి సూపర్‌వైజరు ఫోను చేశాడుగా. ఏమన్నాడు?"

"బతుకుతాడన్నాడు."

"అంతా చెప్పు."

"దవడ రెండు ముక్కలైందట. తీగలేసి కట్టారు. కుడిచేతికి రెండు వేళ్ళు... తీసెయ్యాలంటున్నారు."

"గరిటె పట్టే చెయ్యి."

"నోరు తెరవలేక ఎడమచేత్తో కాగితం మీద ఏదో రాసిచ్చాడట."

"ఏం రాశాడు?"

"వద్దులేరా."

"ఏం రాశాడు బావా?"

"ఆయన మూకుడు నేను ముట్టలేదు అని."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకా?"

"ఆయనకిప్పుడెవరు వండుతున్నారు, కార్డు చూసుకుని వండమని చెప్పండి... అని రాశాడట."

"ఏడుస్తున్నావేం?"

"నేను చెప్పేది విని, తర్వాత ఏం చేస్తావో చెయ్యి. నేనేరా."

"ఏం నువ్వు?"

"షిఫ్టు మారేటప్పుడు వంటగదిలో ఎవరూ ఉండరు. ఆకలి. మిగతా గిన్నెలన్నీ జిడ్డోడుతుంటాయి, నీదొక్కటే అద్దంలా ఉంటుంది. రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చుకునేవాణ్ణి. తుడిచి, మళ్ళీ ట్యాగు కట్టేసేవాణ్ణి."

"ఎన్ని రోజులు?"

"నాలుగు. నలుసంత పొడికి మనిషి పడిపోతాడని నాకేం తెలుసు? నీ జబ్బు సగం మనసులోదే అనుకున్నాను. నువ్వు కక్కుతుంటే భయమేసింది, భయంతో ఆయన మీదికి నెట్టాను."

"ఆయన్ని కొడుతున్నప్పుడు?"

"అప్పుడే నోరు తెరిస్తే నన్ను చంపేస్తావనిపించింది. గ్లాసు వదల్లేకపోయాను. కొట్టరా, రెండో చెయ్యి బాగానే ఉందిగా. ఆయన్ని కొట్టినట్టే కొట్టు, నేను అరవను. నిన్నే నీకు తెలిసుంటే ఆ దెబ్బలు నావి."

"మొదటి మూడు రోజులు కళ్ళు తిరుగుతూ చూసుకోలేదు బావా. నిన్న మూకుడు చేతిలోకి తీసుకోగానే చూశాను. ఎర్ర ట్యాగుకి లాగు బొందు ముడి."

"నిన్ననా? అంటే, ఆయన మీద పడకముందే..."

"అక్క మొగుడివి. నీ మీద చెయ్యి ఎలా ఎత్తను?"